ఉప్పు చెప్పిన లెక్క

బీజగణితం అనగానే మన ఇండ్లలో పిల్లల ముఖాలు ఎట్లా మారిపోతాయో శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. అంకెలు మాత్రమే ఉన్నంతవరకు లెక్కలంటే ఉత్సాహం చూపిన పిల్లవాడు, అంకెల నడుమ ఒక అక్షరం వచ్చి కూర్చున్ననాటి నుంచి వెనుకంజ వేస్తాడు. "ఈ ఎక్స్ అనేది ఏమిటి? దాని విలువ నేనెందుకు కనుక్కోవాలి?" అని అడుగుతాడు. పరీక్షలో వస్తుంది గనుక అని సమాధానం చెప్పి మనం ఊరుకుంటాము. ఆ సమాధానంతో పరీక్ష గట్టెక్కవచ్చు గాని పిల్లవాని సందేహం తీరదు. ఆ సందేహమే క్రమంగా ముదిరి, "నాకు లెక్కలు రావు" అనే నిశ్చయంగా మారి, ఎందరో తెలివిగల బాలబాలికలను విజ్ఞానశాస్త్రాల గడప దగ్గరనే నిలిపివేస్తున్నది. కనుక ఆ ప్రశ్నకు యథార్థమైన సమాధానం ఏమిటో ఈ ప్రసంగంలో కొంచెం విచారిద్దాము.

మన పూర్వులు ఈ అక్షరాన్ని చక్కని పేర్లతో పిలిచినారు. అంకగణితాన్ని వ్యక్తగణితమనీ, బీజగణితాన్ని అవ్యక్తగణితమనీ వ్యవహరించినారు. తెలియని మొదటి రాశికి 'యావత్తావత్తు' అని పేరు; ఎంత ఉన్నదో అంత అని దాని అర్థం. తెలియని రాశులు ఒకటికంటె ఎక్కువైతే తక్కినవాటికి కాలకం, నీలకం, పీతకం, లోహితకం అని రంగుల పేర్లు పెట్టినారు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేసినాడు. పన్నెండవ శతాబ్దిలో భాస్కరాచార్యుడు లీలావతిని రచించినాడు. ఆ కాలపు లెక్కలు తుమ్మెదల మీద, హంసల మీద, తెగిపడిన ముత్యాల హారాల మీద నడుస్తాయి. విద్యార్థి మనస్సును రంజింపజేయనిదే శాస్త్రం తలకెక్కదని ఆ ఆచార్యులకు బాగా తెలుసు.

అయితే ఒక విషయం గమనించవలసి ఉన్నది. ఆ తుమ్మెదలను ఎవరూ లెక్కపెట్టలేదు. సమాధానం పూర్ణాంకంగా తేలేటట్లు ఆచార్యుడే వాటి సంఖ్యను ముందుగా నిర్ణయించినాడు. నేటి పాఠ్యపుస్తకాలలోని లెక్కలు కూడ ఈ జాతివే. "తండ్రి వయస్సు కుమారుని వయస్సుకు మూడు రెట్లు, పన్నెండేండ్ల తరువాత రెండు రెట్లవుతుంది, ఇప్పుడు వారి వయస్సు లెంత?" అని పుస్తకం అడుగుతుంది. తండ్రి ఎదురుగా ఉండగా ఆయననే అడిగితే సరిపోదా అని పిల్లవాడు మనస్సులో అనుకుంటాడు. అతడు అనుకున్నదానిలో తప్పు లేదు. సమాధానం ఎవరికో ముందే తెలుసుననీ, పుస్తకం చివరి పుటలో అచ్చయి ఉన్నదనీ ఎరిగిన తరువాత దానిని వెతకడంలో ఆసక్తి ఎక్కడ నుంచి వస్తుంది? ఎవరికీ తెలియనిదీ, తెలియకపోతే నష్టం కలిగేదీ అయిన సంఖ్యను వెతకవలసి వచ్చినప్పుడే అవ్యక్తరాశి అనే పేరు సార్థకమవుతుంది. అటువంటి సంఖ్యలు లోకంలో ఉన్నాయి. వాటిని పట్టి ఇచ్చే వివరాలనే దత్తాంశాలు అంటారు. దత్తాంశాలను బీజగణితం తరగతిలోకి తీసుకొని రావడం ఎట్లా అన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

దీనికి ఒక చక్కని ఉదాహరణను కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అనే తమ గ్రంథంలో చెప్పినారు. సి. ఆర్. రావు అనే పేరుతో ప్రపంచమంతటా ప్రసిద్ధులైన ఈ సాంఖ్యకశాస్త్రజ్ఞులు తెలుగువారు. 1920లో నేటి కర్ణాటకంలోని హడగలిలో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకొని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించి, కలకత్తా చేరి సాంఖ్యకశాస్త్రంలో శాశ్వతమైన కృషి చేసినారు. 2023 ఆగస్టులో, 102 ఏండ్ల వయస్సులో కీర్తిశేషులైనారు. ప్రతిదినం తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, చదువుకొనేందుకు నూనెదీపం వెలిగించి ఇచ్చిన తల్లిని ఆ గ్రంథం అంకితంలో ఆయన స్మరించినారు.

ఆ గ్రంథంలోని ఉదంతం ఇది. 1947లో దేశవిభజన సమయాన ఢిల్లీలో అల్లర్లు చెలరేగినప్పుడు, ఒక అల్పసంఖ్యాక వర్గానికి చెందిన ప్రజలు పెద్దసంఖ్యలో ఎర్రకోటలో ఆశ్రయం పొందినారు. మరికొందరు హుమాయూన్ సమాధి ప్రాంగణంలో తలదాచుకున్నారు. వారికి తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది. సరకుల సరఫరాను గుత్తేదారులకు అప్పగించినారు. కోటలో ఎందరున్నారో ప్రభుత్వానికి తెలియదు. లోపలికి వెళ్ళి లెక్కపెట్టే పరిస్థితి లేదు. గుత్తేదారులు ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు అని బిల్లులు పంపుతున్నారు. ఆ మొత్తాలు ఉండవలసినదానికంటె మించి ఉన్నాయన్న అనుమానం పుట్టినది. లోపల ఉన్న జనసంఖ్యను అంచనా వేయవలసినదిగా సాంఖ్యకశాస్త్రజ్ఞులను కోరినారు.

కోటలోకి అడుగు పెట్టకుండ మనుష్యులను లెక్కించడం ఎట్లా? శాస్త్రజ్ఞుల చేతిలో ఉన్నవి రెండే రెండు. మొదటిది, గుత్తేదారుల బిల్లులు. రెండవది, సగటున ఒక మనిషి దినానికి ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు వాడతాడో తెలిపే పూర్వపు సర్వేల వివరాలు. కోటలోని జనసంఖ్య ఎక్స్ అనుకుంటే, ఒక మనిషికి కావలసిన బియ్యాన్ని ఎక్స్ చేత గుణిస్తే మొత్తం బియ్యం రావాలి. పప్పు సంగతీ అంతే, ఉప్పు సంగతీ అంతే. అవ్యక్తరాశి ఒకటి, సమీకరణాలు మూడు. బిల్లులు నిజమైతే మూడు సమీకరణాలూ ఒకే ఎక్స్‌ను చెప్పవలె. కాని చెప్పలేదు. బియ్యం లెక్క అన్నింటికంటె పెద్ద సంఖ్యను, ఉప్పు లెక్క అన్నింటికంటె చిన్న సంఖ్యను ఇచ్చినాయి.

ఇక్కడ ఉపాధ్యాయుడు ఒక్క క్షణం ఆగి, ఈ మూడింటిలో దేనిని నమ్మవలెనని తరగతిని అడగాలి. పాఠం కోసం కొన్ని అంకెలను మనమే కల్పించుకుందాము. దినానికి ఒక మనిషికి 400 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పప్పు, 10 గ్రాముల ఉప్పు అనుకుందాము. బిల్లులో 6,400 కిలోల బియ్యం, 600 కిలోల పప్పు, 100 కిలోల ఉప్పు ఉన్నాయనుకుందాము. బియ్యం ప్రకారం జనసంఖ్య 16,000. పప్పు ప్రకారం 12,000. ఉప్పు ప్రకారం 10,000. కొందరు పిల్లలు మూడింటి సగటు తీసుకుందామంటారు. కొందరు నడిమి సంఖ్య న్యాయమంటారు. ఇంతలో ఎవరో ఒకరు, వెనుక బల్ల మీద కూర్చొనే పిల్ల అయినా కావచ్చు, "బియ్యం ఖరీదెక్కువ గదండీ, ఉప్పు ఖరీదు తక్కువ గదా" అంటుంది. ఆ ఒక్కమాటతో చిక్కు విడిపోతుంది. ఉప్పు బిల్లును పెంచి వ్రాస్తే గుత్తేదారుకు మిగిలేది స్వల్పం. బియ్యం బిల్లును పెంచితే లాభం మెండు. అందుచేత అబద్ధమాడవలసిన అవసరం లేని వస్తువు ఉప్పు. శాస్త్రజ్ఞులు ఉప్పు లెక్కనే గ్రహించినారు. హుమాయూన్ సమాధి దగ్గర చిన్న శిబిరంలోని జనసంఖ్య వేరు మార్గంలో తెలిసినందువల్ల అక్కడ కూడ ఈ పద్ధతిని పరీక్షించి చూచినారు. దగ్గర దగ్గరగా సరిపోయినది. భారతీయ సాంఖ్యక సంస్థలో చిరకాలం పనిచేసిన జె. ఎం. సేన్‌గుప్తా సూచించిన ఆలోచన ఇది.

ఈ పాఠంలో ఉన్న బీజగణితం ఏడవ తరగతి విద్యార్థికి అందేదే. ఒక భాగహారం, అంతే. దానికి తోడుగా మనుష్య స్వభావాన్ని గూర్చిన వివేచన అవసరమైనది. సమీకరణం సాధించడంతో పని ముగియలేదు. మూడు సమాధానాలు వచ్చిన తరువాతనే అసలు ఆలోచన మొదలైనది. దత్తాంశ విశ్లేషణ అంటే ఇదే. లెక్కలు రావనుకొని మూల కూర్చున్న పిల్లకు కూడ ఇందులో చెప్పవలసినది ఏదో ఒకటి ఉంటుంది. తరగతిలో ఆసక్తి పుట్టడానికి అంతకు మించిన సాధనం లేదు.

కథలు విని ఆనందించడంతో ఆగిపోరాదు. పిల్లలు స్వయంగా వివరాలు సేకరించాలి. అందుకు దూరం పోనక్కరలేదు. మధ్యాహ్న భోజన పథకం కింద ప్రాథమిక తరగతుల విద్యార్థికి దినానికి 100 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల విద్యార్థికి 150 గ్రాములు బియ్యం లెక్క ఉన్నది. ఒక బడిలో ఈనాడు 220 మంది భోజనం చేసినారు, 28 కిలోల బియ్యం కొలిచినారు అనుకుందాము. చిన్నతరగతులవారెందరు, పెద్దతరగతులవారెందరు? అందరూ చిన్నవారే అయితే 22 కిలోలు చాలును. అదనంగా పట్టినది 6 కిలోలు. పెద్దవాడొక్కడికి అదనం 50 గ్రాములు గనుక పెద్దవారు 120 మంది, చిన్నవారు 100 మంది. రెండు అవ్యక్తరాశులు, రెండు సమీకరణాలు. ఇప్పుడు పిల్లలు హాజరుపట్టీతో ఈ సమాధానాన్ని సరిచూచుకోవచ్చు. రెండూ పొసగకపోతే ఎవరినీ నిందించనక్కరలేదు; కారణాలు వెతకాలి. కొందరు ఇంటి దగ్గర నుంచి అన్నం తెచ్చుకున్నారేమో, ఆనాడు వంటకు కొంచెం ఎక్కువ పోసినారేమో. కారణాలు వెతికే అలవాటే ఇక్కడ ప్రధానం.

మరొక ప్రయోగం ఇంటిలోనే, పెద్దవారు దగ్గర ఉండగా చేయదగినది. ఒక కొవ్వొత్తిని వెలిగించి, పది నిమిషాలకొకసారి దాని పొడవును స్కేలుతో కొలిచి వ్రాసుకోవాలి. మొదట 15 సెంటీమీటర్లు. పది నిమిషాలకు 14.1, ఇరువదికి 13, ముప్పదికి 12.1, నలుబదికి 10.9 - ఇట్లా వచ్చినవనుకుందాము. ఈ జతలను గ్రాఫు కాగితం మీద బిందువులుగా గుర్తిస్తే అవి దాదాపు ఒక సరళరేఖ మీద నిలుస్తాయి. ఇప్పుడు పిల్లలను, కొవ్వొత్తి ఎప్పుడు ఆరిపోతుందో చెప్పమనాలి. ఎవరి అంచనా వారు కాగితం మీద వ్రాసి మడిచి పెట్టవలె. పందెం కట్టినవానికి ఆటమీద ఎంత ధ్యాస ఉంటుందో, అంచనా వ్రాసి పెట్టినవానికి లెక్కమీద అంత ధ్యాస ఉంటుంది. నిమిషానికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తరుగుతున్నది గనుక, 15 నుంచి నిమిషాల సంఖ్యలో పదవ వంతును తీసివేస్తే మిగిలిన పొడవు వస్తుంది. ఆ పొడవు సున్న అయ్యేది 150 నిమిషాలకు. పాఠ్యపుస్తకంలో 'వాలు' అని, 'అంతరఖండం' అని చదివి కంఠస్థం చేసిన మాటలకు ఇక్కడ రూపం వచ్చినది. వాలు అంటే కొవ్వొత్తి తరిగే వేగం. అంతరఖండం అంటే వెలిగించకముందు ఉన్న పొడవు. వాలు ఋణాత్మకం ఎందుకైనదో ఆ పిల్లవానికి మరల ఎవరూ చెప్పనవసరం లేదు.

బిందువులు రేఖ మీద సరిగా నిలువలేదు గదా అని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడ. పుస్తకంలోని లెక్కలు చక్కగా తేలుతాయి. లోకంలోని లెక్కలలో ఎప్పుడూ కొంత మిగులుతుంది. ఆ మిగులును చెరిపివేసి, రావలసిన అంకెను వ్రాసే అలవాటు మన ప్రయోగశాలల రికార్డు పుస్తకాలలో లేకపోలేదు. బీజగణితం తరగతిలో దానిని మొదటనే మాన్పించవలె. నలుబదవ నిమిషాన కొవ్వొత్తి ఒక మిల్లీమీటరు ఎక్కువ తరిగినదెందుకు? పంకా గాలి తగిలినదా? స్కేలు ఏటవాలుగా పెట్టినామా? ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు రేఖలు గీస్తే ఎవరి రేఖ మేలైనది? తేడాలను కూడితే అధికమూ అల్పమూ పరస్పరం కొట్టివేసుకొని, రెండు చోట్లా తప్పిన రేఖకు కూడ సున్న రావచ్చు. అందుచేత తేడాల వర్గాలను కూడి, ఏ రేఖకు ఆ మొత్తం తక్కువగా ఉంటుందో దానిని గ్రహించాలి. 1805లో లెజాండ్ర్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు తోకచుక్కల మార్గాలను గణించే సందర్భంలో ప్రకటించిన కనిష్ఠవర్గ పద్ధతి ఇదే. వర్గం చేస్తే ఋణసంఖ్య ధనసంఖ్య అవుతుందన్న సూత్రం ఇట్లా ఒక పనికి వచ్చినప్పుడు మరపురానిదవుతుంది.

ఈ రోజులలో ఇటువంటి రేఖను కంప్యూటరు రెప్పపాటులో గీసి ఇస్తుంది. చేతిలోని ఫోను కూడ ఇస్తుంది. మరి పిల్లలు ఇంత శ్రమపడడమెందుకు అనవచ్చు. దీనికి సమాధానంగా 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే సాంఖ్యకశాస్త్రజ్ఞుడు నాలుగు చిన్న పట్టికలను ప్రకటించినాడు. ఒక్కొక్క పట్టికలో పదకొండు జతల సంఖ్యలు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు ఏడున్నర. నాలుగింటికీ వచ్చే రేఖ ఒక్కటే: ఎక్స్‌లో సగానికి 3 కలిపితే వై. అంకెలు మాత్రమే చూచినవాడు నాలుగు పట్టికలూ ఒకటే అనుకుంటాడు. గ్రాఫు గీస్తే కథ మారిపోతుంది. మొదటి దానిలో బిందువులు రేఖకు అటూ ఇటూ చెదరి ఉంటాయి. రెండవది నున్నని వక్రరేఖ. మూడవదానిలో పది బిందువులు ఒక సరళరేఖ మీద నిలిచి, పదకొండవది పంక్తి తప్పి ఎక్కడో పైన ఉంటుంది. నాలుగవదానిలో పది బిందువులు ఒకే నిలువు గీత మీద పేర్చినట్లుండి, ఒక్క బిందువు మాత్రం దూరాన నిలిచి రేఖనంతటినీ తనవైపు లాగుకొంటున్నది. యంత్రం చెప్పిన సమాధానాన్ని కంటితో చూచి ప్రశ్నించవలెనని చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం లేదు. మీ పిల్లలలో కంప్యూటరు మీద మక్కువ గలవారెవరైనా ఉంటే ఈ నాలుగు పట్టికలను వారిచేత గీయించి చూడండి.

రేఖను నమ్మడంలో ఉన్న మరొక ప్రమాదం మన గోదావరి తీరవాసులకు అనుభవైకవేద్యం. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగుల మట్టం నమోదైనది. 2022 జులైలో 71.3 అడుగులు. వరదల దినాలలో ఈ మట్టాలను రేడియో వార్తలలో మీరు వింటూనే ఉంటారు. పిల్లలు వాటిని గంటలవారీగా గ్రాఫు మీద గుర్తించవచ్చు. ఉదాహరణకు, ఉదయం 6 గంటలకు 38, 8 గంటలకు 39, 10 గంటలకు 40 అడుగులు ఉన్నదనుకుందాము. గంటకు అర అడుగు చొప్పున పెరుగుతున్నది గనుక సాయంత్రం 4 గంటలకు మొదటి హెచ్చరిక రావచ్చును. సామాను సర్దుకొని పశువులను మెరకకు తోలుకొనవలసిన కుటుంబానికి ఈ ఆరు గంటలు ఎంత విలువైనవో ఊహించండి. అయితే ఆ రేఖనే మూడు దినాలు పొడిగిస్తే నీటిమట్టం 76 అడుగులై 1986 నాటి మహావరదను మించుతుంది. పది దినాలు పొడిగిస్తే 160 అడుగులవుతుంది. ఇది అసంగతమని పిల్లలే నవ్వుతారు. ఎక్కడ నవ్వవచ్చు, ఎక్కడ నమ్మవచ్చు అన్న హద్దును సమీకరణం చెప్పదు. ఎగువన ప్రాణహితలో, ఇంద్రావతిలో నీరు ఎట్లా ఉన్నది, నది గట్లు దాటి ఎంత వెడల్పుగా పరచుకొంటున్నది, వాన తెరిపి ఇచ్చినదా అన్న సంగతులు చెప్పాలి. మధ్యాహ్నం 12 గంటల మట్టం 41కి బదులు 40.6 అడుగులని వినగానే, తన రేఖను మార్చి గీసుకొనే పిల్లవాడే పాఠం నేర్చినవాడు.

ఈ విషయంలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఉదంతం స్మరణీయం. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి భయంకరమైన వరద వచ్చినది. నదీగర్భం మెరక వేసినది గనుక కరకట్టలను ఇంకా ఎత్తు చేయాలని ఇంజనీర్ల సంఘం అభిప్రాయపడినది. మహలనోబిస్ సుమారు అరువది ఏండ్ల వర్షపాతాన్నీ, వరదల వివరాలనూ పరిశీలించి, నదీగర్భం పెరిగినదనడానికి ఆధారం లేదని నిరూపించినాడు. కట్టలు పెంచడం పరిష్కారం కాదని, ఎగువన నీటిని నిలుపుకొనే జలాశయాలు కావాలని సూచించినాడు. అనుభవజ్ఞుల ఊహకూ, ఏండ్ల తరబడి ఓపికగా వ్రాసి ఉంచిన అంకెలకూ భేదం వచ్చినప్పుడు అంకెల మాట వినవలసి వచ్చినది. ఏ చిన్న ఉద్యోగి ఏ వానలో తడుస్తూ ఆ అంకెలను వ్రాసినాడో మనకు తెలియదు. దినదినం ఉష్ణోగ్రత వ్రాసే బడిపిల్లవాడు కూడ ఆ కోవకు చెందినవాడే.

ఇక ఉపాధ్యాయ మిత్రులు చెప్పే ఇబ్బందులు ఉన్నాయి. పాఠ్యప్రణాళిక పెద్దది, వ్యవధి తక్కువ, పరీక్షలు తరుముకొని వస్తాయి. ఇది నిజమే. పదవ తరగతి పుస్తకంలో రెండు చరరాశుల సమీకరణాలు మొదటి అధ్యాయాలలో, సాంఖ్యకశాస్త్రం చివరి అధ్యాయాలలో ఉంటాయి. సంవత్సరాంతాన ఆ చివరి అధ్యాయాలను పరుగుపరుగున ముగించడం చాలచోట్ల కనిపించేదే. ఈ రెండింటినీ కలిపి చెబితే వ్యవధి పెరగదు; ఒక దానికి వెచ్చించిన కాలం రెండవదానికి కూడ అక్కరకు వస్తుంది. పక్షానికొక గంట చాలును. ఆ గంటలో పాటించవలసిన నియమాలు కూడ కొద్దివే. అంకెలు కొద్దిగా ఉండాలి. పది జతలు మించితే కూడికలతోనే గంట గడిచిపోతుంది. లెక్క చేయకముందే అంచనా వ్రాయించాలి. గ్రాఫు చూడనిదే సూత్రం జోలికి పోరాదు. అంకెలు ఎవరు సేకరించినారు, ఎందుకు సేకరించినారు, వారికి అందులో లాభమేమైనా ఉన్నదా అన్న ఉప్పు ప్రశ్నను ప్రతిసారీ అడగాలి. మరొక ముఖ్యమైన మాట: పిల్లల ఇంటి ఆదాయం, శరీరం బరువు, వారికి వచ్చిన మార్కులు వంటి వాటిని తరగతిలో దత్తాంశాలుగా వాడరాదు. ఒకరిని చిన్నబుచ్చి పదిమందికి చెప్పే పాఠం పాఠం కాదు.

ఇండ్లలో తల్లిదండ్రులు చేయగలిగినది కూడ ఉన్నది. కరెంటు బిల్లులను పారవేయక ఒక సంవత్సరం పాటు దాచి పిల్లలకివ్వండి. యూనిట్లు పెరిగినకొద్దీ రుసుము ఒకే రేఖ మీద పోక, ఒక్కొక్క మెట్టు దగ్గర రేఖ మరింత నిటారుగా లేవడం వారే కనుక్కుంటారు. పాలవాని ఖాతా, కుళాయి కింద బిందె నిండే సమయం, ఆటోకు కనీస రుసుముపై కిలోమీటరుకు పెరిగే కిరాయి, ఇవన్నీ సమీకరణాలే. మీకు గణితం రాకపోయినా ఫరవాలేదు. "ఈ నెల బిల్లు ఎంత వస్తుందనుకుంటున్నావు? ఎందుకు?" అని అడగడం చాలును. జవాబు తప్పినప్పుడు కోపగించుకోక, ఎందుకు తప్పినదో అతనిచేతనే చెప్పించండి.

పిల్లల ప్రశ్నలను చిన్నచూపు చూడరాదనడానికి రావుగారి జీవితంలోని మరొక సంఘటన చెప్పి విరమిస్తాను. 1944 ప్రాంతంలో కలకత్తాలో ఆయన పాఠం చెబుతుండగా, పెద్ద సంఖ్యలో పరిశీలనలు ఉన్నప్పుడు నిలిచే ఒక ఫలితం కొద్దిపాటి పరిశీలనలకు కూడ వర్తిస్తుందా అని ఒక విద్యార్థి అడిగినాడు. ఆనాటికి ఆ ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ సమాధానం లేదు. గురువు దానిని తోసివేయలేదు, ఆలోచించి సాధించినారు. ఏ అంచనాకైనా నిర్దుష్టతలో ఒక హద్దు ఉంటుందని తెలిపే ఆ ఫలితం 1945లో వెలువడి, క్రామెర్-రావు అసమీకరణం అనే పేరుతో నేడు ప్రపంచంలోని సాంఖ్యకశాస్త్ర గ్రంథాలన్నింటిలోనూ కనిపిస్తున్నది. "ఈ ఎక్స్ ఎందుకు?" అని మీ ఇంటిలో అడిగే పిల్లవానికి అంత పెద్ద సిద్ధాంతం అవసరం లేదు. ఒక స్కేలు, ఒక గ్రాఫు కాగితం, అతడు నిజంగా తెలుసుకోదలచిన ఒక సంఖ్య ఉంటే చాలును. ఈ ఆదివారం సాయంత్రం వాటిని అతనికి సమకూర్చి, ఒక గంటసేపు దగ్గర కూర్చోండి.